ఆరు అర్రల ముగ్గు

ఆ శనివారం పొద్దున మా ఇంట్లో ఉన్నది ఆరుగురం. పెద్దవ్వ అరుగు మీద కూర్చుని ఆకువక్క దంచుకుంటోంది. ఆమె మా బాపును కన్నతల్లి. వాడకట్టంతా పెద్దవ్వ అంటుంటే మేమూ అలాగే అనడం అలవాటైంది. అవ్వ, అంటే మా అమ్మ, పొయ్యి దగ్గర ఉంది. బాపు తన కచేరీ బిళ్లను చింతపండు పెట్టి తోముతున్నాడు. గంగమణి అక్క నిండు నెలలతో లోపలి అర్రలో నులక మంచం మీద ఒక పక్కకు ఒత్తిగిలి పడుకుంది. ఆమె పెనిమిటి లింగం బావ గడపలో కాళ్ళు చాపుకుని వల అల్లుతున్నాడు. ఆరో మనిషిని నేను, తారను. దొడ్లో ఉన్న బర్రెను కూడా లెక్కలో వేయమంటుంది పెద్దవ్వ. ఆ రోజు జరిగినదాంట్లో దాని పేడకు కూడా వాటా ఉంది కాబట్టి నేను కాదనలేను.

బాపు ఎల్లారెడ్డి తహసీలు కచేరీలో చప్రాసీ. కచేరీ వెనక అధికారుల క్లబ్బు ఉంది. క్లబ్బంటే ఒక రేకుల గది, నాలుగు కుర్చీలు, ఒక టెన్నిసు మైదానం. క్లబ్బు వెనక మా ఇల్లు. అందుకని మైదానం ఊడ్చే పని, వల కట్టే పని, బంతులు ఏరే పని బాపుకే అప్పజెప్పారు. అప్పటిదాకా టెన్నిసు గురించి మా ఇంట్లో ఎవరూ ఆలోచించిన పాపాన పోలేదు. ఆలోచించవలసి వచ్చింది డాక్టరమ్మ వల్ల.

డాక్టరమ్మ అసలు పేరు మిస్ కెర్. ఇంగ్లండుకు పైన ఉన్న స్కాట్లండు అనే దేశం నుంచి వచ్చింది. మద్రాసులో తెలుగు నేర్చుకుని, నాలుగు నెలల కిందట మా వైపు వచ్చింది. మిషను వాళ్ళు ఆమెకు రెండు ఊళ్ళు అప్పగించారు. వారంలో రెండు రోజులు కామారెడ్డి, రెండు రోజులు ఎల్లారెడ్డి. మిగిలిన మూడు రోజులు ఈ రెంటిలో ఎక్కడుండాలో ఆమె ఇష్టం. ఆమె వెంట తిరిగే నర్సు మరియ ఈ సంగతి అవ్వకు చెప్పి, ఇంకో సంగతి కూడా చెప్పింది. డాక్టరమ్మ తన దేశంలో రోజూ సాయంత్రం టెన్నిసు ఆడేదట. మన దేశం వచ్చాక బ్యాటును పెట్టెలోంచి బయటికి తీయలేదట. ఇప్పుడు రెండు ఊళ్ళ క్లబ్బులూ చూసి, ఏది నచ్చితే అందులో చేరుతుందట. ఏ ఊరి క్లబ్బులో చేరితే ఆ మూడు రోజులూ ఆ ఊళ్ళోనే ఉంటుందట.

అవ్వ ఆ మాట వినగానే చేటను కింద పెట్టేసింది.

ఎందుకో చెప్పాలి. అక్క మొదటి బిడ్డ నస్రుల్లాబాదులో అత్తగారింట్లో పుట్టింది. పుట్టినప్పుడు బాగానే ఉంది. తొమ్మిదో నాడు జ్వరం తగిలింది. బండి కట్టి డాక్టరు కోసం బయలుదేరారు కానీ, డాక్టరు ఉన్న ఊరు చేరకముందే బండిని వెనక్కి తిప్పవలసి వచ్చింది. అందుకే ఈసారి అవ్వ ఏడో నెలలోనే అక్కను తెచ్చుకుంది. డాక్టరమ్మ అక్కను చూసి, అంతా సరిగ్గానే ఉందనీ, బిడ్డ పుట్టాక మొదటి నెల మాత్రం తాను దగ్గర ఉండి చూసుకోవాలనీ చెప్పింది. వారంలో రెండు రోజులు చూసి ఐదు రోజులు వదిలేస్తే అది దగ్గర ఉండటం ఎలా అవుతుందని అవ్వ దిగులు. మూడు రోజులు కలిస్తే ఐదు రోజులవుతాయి. అలా టెన్నిసు క్లబ్బు మా ఇంటి కష్టసుఖాల్లోకి వచ్చి కూర్చుంది.

డాక్టరమ్మ ముందు కామారెడ్డి క్లబ్బు చూసి వచ్చింది. ఆ కబురు మరియ శుక్రవారం పొద్దున మా అరుగు మీద కూర్చుని చెప్పింది. అక్కడ మైదానం మీద ఎర్ర మొరం పరిచారట. వల సికింద్రాబాదు నుంచి రైల్లో వచ్చిందట. పేము కుర్చీలు, సోడాలు, గులాబీ అత్తరు చల్లిన రుమాళ్ళు. అరడజను మంది అధికారులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి డాక్టరమ్మతో ఆడారట. అందరి మీదా ఆమే గెలిచిందట.

వింటున్న కొద్దీ అవ్వ ముఖం వాడిపోయింది. పేడతో అలికిన మా మైదానాన్ని, ఎలుకలు కొరికిన మా వలను ఆమె కళ్ళముందు పెట్టుకుందని నాకు తెలిసింది.

"మరి అండ్లనే చేరిందా?" అని అడిగింది చివరికి.

"చేరలే అక్కా," అంది మరియ. "అందరిని ఓడగొట్టి, ఎవలో ఆమెను ఓడగొట్టినట్టు మొఖం పెట్టుకొని వచ్చింది. అడిగితె, నాకు ఆట దొరకలేదు అన్నది. నాకైతె సమజ్ కాలే."

మాకు కూడా సమజ్ కాలేదు. గెలిస్తే సంతోషపడని మనిషిని ఎలా సంతోషపెట్టాలో ఎవరికి తెలుసు? బాపు, వాళ్ళ దేశంలో టెన్నిసు గడ్డి మీద ఆడతారని తాను విన్నాననీ, ఆమె మనసు గడ్డి మీద ఉందేమోననీ అన్నాడు. అంత గడ్డి ఉంటే బర్రెను కట్టేయక బంతి ఆడటమేమిటని పెద్దవ్వ ఆశ్చర్యపోయింది.

క్లబ్బుకు సెక్రటరీ వకీలు పురుషోత్తం గారు. ఆయనకు ఎల్లారెడ్డి పరువు కామారెడ్డి ముందు నిలబడాలని పట్టుదల. అంతకు నాలుగు రోజుల ముందే ఆయన మా ఇంటికి వచ్చి బాపుకు హుకుములిచ్చారు. మైదానం కొత్తగా అలకాలి. గీతలు కొత్తగా వేయాలి. వల కొత్తది కావాలి. కొత్త వల తెప్పించే వ్యవధి లేదని బాపు తల గోక్కుంటుంటే లింగం బావ ముందుకు వచ్చాడు. మేము గంగపుత్రులం. బావకు మంజీరలో చేపలు పట్టడం, వలలు అల్లడం చిన్నప్పటి నుంచీ వచ్చు. ఎంత పెద్ద చేపను ఆపాలని బావ అడిగాడు. వకీలు గారు జేబులోంచి బంతి తీసి చూపించారు. బావ దాన్ని అరచేతిలో తిప్పి చూసి, ఇది చేప అయితే గుడ్డిదై ఉండాలి, ఇంత పెద్దగా ఉండి మనిషికి ఇంత సులువుగా దొరికింది అన్నాడు. వకీలు గారు నవ్వలేదు. నాలుగు రోజులు కూర్చుని బావ పదమూడు గజాల వల అల్లాడు. నేను మొదట చెప్పిన ఆ శనివారం పొద్దున బావ చేతిలో ఉన్నది దాని చివరి అంచు.

గీతల పని నా నెత్తిన పడింది. బాపుకు వకీలు గారు ఇచ్చిన కాగితం చదవడం రాదు. నేను ఊళ్ళో బడికి పోయి నాలుగో తరగతి దాకా చదివాను. నా చదువు గురించి ఒక మాట చెప్పాలి. బడిలో పంతులు పేరు పిలిస్తే "హాజర్" అనాలి. ఆ మాట నా గొంతు దాకా వచ్చి అక్కడే నిలబడేది. పంతులు రెండుసార్లు పిలిచి, గైర్‌హాజర్ అని రాసుకునేవాడు. నేను ఎదురుగానే కూర్చుని ఉండేదాన్ని. అలా ఒక ఏడాదిలో సగం రోజులు నేను బడికి పోయి కూడా పోనట్టే అయింది. నోటితో చెప్పలేనివన్నీ అప్పటి నుంచే నోటుబుక్కులో రాసుకుంటున్నాను. ఇదీ అందులోదే.

శుక్రవారం మధ్యాహ్నం అవ్వా నేనూ కలిసి మైదానం అలికాం. పేడ, ఎర్రమట్టి, నీళ్ళు కలిపి, చీపురుతో అర్ధచంద్రాలుగా లాగుకుంటూ పోయాం. ఒక ఇల్లు అలకడం వేరు, ఇరవై ఇండ్లంత జాగా అలకడం వేరు. సాయంత్రానికి నా నడుము నాది కాకుండా పోయింది. కానీ శనివారం పొద్దున్నే చూస్తే మైదానం నున్నగా, ఒక్క పగులు లేకుండా ఆరి ఉంది. చూడటానికి పండుగ ఇంటి వాకిలిలా ఉంది.

కాగితంలో ఉన్నట్టుగానే గీతలు వేశాను. తాడుకు అడుగడుగునా ముడివేసి, మేకులు కొట్టి, బకెట్లో తడి సున్నం కలిపి, గుడ్డ ముంచి గీశాను. ఒక పెద్ద చదరం. వల కట్టే చోటు నడుమ. వలకు అటు మూడు గళ్ళు, ఇటు మూడు గళ్ళు. గళ్ళంటే నాకు అర్రల్లా కనిపించాయి. మొత్తం ఆరు అర్రల ఇల్లు. గీతలు ఎక్కడా వంకర పోలేదు. కాగితంతో రెండుసార్లు సరిచూసుకున్నాను.

అక్కడితో ఆపితే ఈ కథ లేదు.

బకెట్లో సున్నం సగం మిగిలింది. పెద్దవ్వ కర్ర పోటు వేసుకుంటూ వచ్చి మైదానం అంచున నిలబడింది. అంతా కలయజూసి ముక్కు మీద వేలేసుకుంది.

"గిదేందే తారా? అలికిన జాగల ముగ్గు ఏదే?"

ఇది ఆటకు గీసిన గీతలనీ, కాగితంలో ఇంతే ఉందనీ నేను చెప్పాను. కాగితం రాసినాయన ఇంట్లో ఆడవాళ్ళు లేరా అని ఆమె అడిగింది. అలికి ముగ్గు వేయకుండా వదిలేసేది పీనుగ లేచిన ఇంట్లోనే. ఇంట్లో నిండు చూలాలిని పెట్టుకుని, మొదటిసారి మైదానానికి వచ్చే డాక్టరమ్మ కాళ్ళకు అలాంటి బోసి నేల చూపిస్తావా అంది. ఆ మాటతో నాకు అక్క మొదటి బిడ్డ గుర్తొచ్చింది. ఎవరి కాళ్ళూ పడని చోటు చూసి ఒక్క పువ్వు వేస్తే ఏం పోతుందిలే అనుకున్నాను. ఒక అర్ర నడుమ చిన్న తామర పువ్వు వేశాను.

కాసేపటికి అవ్వ వచ్చింది. ఒక అర్రలో పువ్వు పెట్టి ఐదు అర్రలు ఖాళీగా ఉంచితే ఆ ఐదుగురూ ఏమనుకోవాలి అంది. ఎవరా ఐదుగురని నేను అడగలేదు. ఇద్దరం కలిసి మిగతా అర్రల్లో వేశాం. పువ్వులు వేశాక వాటిని కలుపుతూ తీగలు లేకపోతే విడివిడిగా ఉన్నాయని పెద్దవ్వ అంది. తీగలు వేశాం. తీగలకు ఆకులు వేశాం. అంచున చుట్టూ గొలుసు ముగ్గు వేసింది పెద్దవ్వే, నడుము పట్టుకుని, ముప్పై ఏండ్ల మనిషిలా. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి సున్నం అయిపోయింది. నేను నా జన్మలో అంత పెద్ద ముగ్గు చూడలేదు. దూరంగా నిలబడి చూసుకుని ముగ్గురం మురిసిపోయాం.

నాలుగు గంటలకు వకీలు గారు తెల్ల బట్టలతో వచ్చారు. వల దగ్గర దాకా వచ్చి ఆగిపోయారు. బాపు సంతోషంగా, మా ఆడోళ్ళు కష్టపడ్డరు సాబ్ అన్నాడు. తుడిచేయమని వకీలు గారు అరిచేసరికి బాపు చీపురు తెచ్చి రుద్దాడు. పిండితో వేసిన ముగ్గయితే ఊడ్చుకుపోయేది. తడి సున్నం ఆరి నేలను కరుచుకుంది. నీళ్ళు పోస్తే మైదానం బురదవుతుంది. తలో మాటా అంటుండగానే మరియతో కలిసి డాక్టరమ్మ రానే వచ్చింది. ఆమె చేతిలో బ్యాటు ఉంది. మరియ చేతిలో ఆమె బట్టల సంచి ఉంది. ఆరు గంటలకు కామారెడ్డి పోయే బస్సు ఉంది. ఆట నచ్చకపోతే ఆ సంచి ఆ బస్సెక్కుతుంది. మరియ సంచిని క్లబ్బు అరుగు మీద పెట్టింది. ఆ తర్వాత ఆటంతా నేను బంతిని ఎంతసేపు చూశానో ఆ సంచినీ అంతసేపు చూశాను.

డాక్టరమ్మ ముగ్గు చుట్టూ ఒకసారి తిరిగింది. పొడుగాటి మనిషి. ఎండకు ముఖం జేగురు రంగయింది. "ఇది ఎవరు వేశారు?" అని అడిగింది. ఆమె తెలుగు పుస్తకంలోంచి తీసినట్టు ఉంటుంది. ఆడవాళ్ళు కూర్చోవడానికి ఒక పక్క కట్టిన కనాతు వైపు అందరూ చేతులు చూపారు. ఆ గుడ్డ చాటున నేను ఉన్నాను. గుడ్డకు ఉన్న చిన్న చిరుగులోంచి నా కన్ను ఒక్కటే ఆమెకు కనిపించి ఉంటుంది.

దీన్ని తొక్కడం తనకు ఇష్టం లేదని ఆమె అంది. పెద్దవ్వ కనాతు ఇవతలి నుంచే జవాబిచ్చింది. "తొక్కనీ బిడ్డా. ముగ్గేసేదే తొక్కనీకి. రేపు పొద్దుగాల మల్ల ఏసుకుంటం."

ఆట మున్సిఫు గారితో. ఆయన మా తాలూకాకు న్యాయాధికారి. అరవైకి దగ్గర పడిన మనిషి, షేర్వాణీ విప్పకుండా, రూమీ టోపీ తీయకుండా ఆడతారు. ఒక్క చోటే నిలబడతారు. బంతి, కోర్టు సమన్లు అందుకున్న సాక్షిలాగా, తనంతట తానే ఆయన దగ్గరికి వస్తుంది. వకీలు గారు ఆయన్ను పక్కకు పిలిచి, కామారెడ్డి వాళ్ళు ఓడిపోయి మర్యాద చేశారు, మనం అంతకంటే మర్యాదగా ఓడిపోవాలి అని బతిమాలుకున్నారు. ముప్పై ఏళ్ళుగా ఒక పక్షం వైపు మొగ్గలేదు, ఈ వయసులో మొగ్గమంటావా అని మున్సిఫు గారు కసురుకున్నారు. కనాతు పక్కనే మాట్లాడుకోవడం వల్ల ఇదంతా నాకు వినిపించింది.

ఆట మొదలైంది. మూడో బంతికే ఆగిపోయింది. బంతి గొలుసు ముగ్గులో పడింది. అది లోపలా బయటా? డాక్టరమ్మకు తెలియలేదు. మున్సిఫు గారికి తెలియలేదు. వకీలు గారు వంగి చూసి, ఏ తెల్ల గీత ఆటదో ఏది ముగ్గుదో తేల్చలేకపోయారు. మైదానం నిండా తెలుపే. బాపు, బంతిని రెండు చేతులా దస్త్రంలా పట్టుకుని, అందరి ముఖాలూ చూశాడు. తర్వాత అనకూడని మాట అనేశాడు.

"మా తారకు ఎరుక సాబ్. గీసింది అదే."

నన్ను కనాతులోంచి బయటికి లాగింది మరియ. వల పక్కన పీట వేసి కూర్చోబెట్టారు. బంతి ఎక్కడ పడిందో చూసి లోపలో బయటో చెప్పాలి. మొదటి బంతికి నేను ఏదో అన్నాను, అది నాకే వినపడలేదు. మరియ నా నోటి దగ్గర చెవి పెట్టి విని, అందరికీ వినపడేలా "లోపల" అని అరిచింది. అలా నాలుగైదు బంతులు నడిచింది. మున్సిఫు గారి బంతి ఒకటి అవ్వ వేసిన పెద్ద తామర రెక్క మీద పడింది. ఆ రెక్క గీత దాటి జానెడు బయటికి ఉందని నాకు తెలుసు. బయట అన్నాను. మరియ అరిచింది. మున్సిఫు గారు టోపీ సర్దుకుని నా వైపు నడిచి వచ్చారు.

"లడ్కీ, మళ్ళ ఒకసారి చూసి చెప్పు."

నేను లేచి పోయి చూశాను. గుర్తు మీద వేలు పెట్టాను. గీత మీద ఇంకో వేలు పెట్టాను. రెండింటి నడుమ జానెడు ఉంది. ఆయన వంగి నా వేళ్ళను చూశారు. సాక్ష్యం బాగుంది అని ఉర్దూలో అనుకుంటూ వెనక్కి పోయారు. ఆ తర్వాత నాకు కొంచెం గొంతు వచ్చింది.

డాక్టరమ్మ పరుగెత్తుతూ ఆడేది. మున్సిఫు గారు పరుగెత్తించేవారు. వకీలు గారు పంద్రా, తీస్, చాలీస్ అని లెక్క చెబుతున్నారు. ఇద్దరికీ సరిసమానంగా నడుస్తోంది. ఒక దశలో ఇంకొక్క బంతి లోపల పడితే డాక్టరమ్మ గెలిచినట్టేనని వకీలు గారు నా పక్కకు వచ్చి మెల్లగా చెప్పారు. చెప్పి అక్కడే నిలబడ్డారు.

ఆ బంతి ఆమె గట్టిగా కొట్టింది. మున్సిఫు గారు అందుకోలేకపోయారు. అది వెనక గీత దగ్గర, పెద్దవ్వ వేసిన గొలుసు చివరి కన్నులో పడింది. చిన్న సున్నం పొడి లేచింది. గీతకు నాలుగు వేళ్ళ అవతల.

అందరూ నా వైపు చూశారు. వకీలు గారు దగ్గారు. చేతిని తొడ పక్కన పెట్టుకుని చూపుడు వేలును లోపలికి, లోపలికి అని ఆడిస్తున్నారు. "లోపల అను," అన్నారు పెదవి కదపకుండా. నేను అరుగు మీద సంచిని చూశాను. అక్కను తలుచుకున్నాను. లోపల అంటే ఏం పోయింది? నాలుగు వేళ్ళు. ఆ నాలుగు వేళ్ళకు మూడు రోజులు వస్తాయి. నోరు తెరిచాను. కానీ ఆ గీత నేను తాడు పట్టి, రెండుసార్లు సరిచూసి గీసింది. అది ఎక్కడుందో నా చేతికి తెలుసు. నా చేతికి తెలిసినదాన్ని కాదనడం నా నోటికి రాలేదు.

"బయట," అన్నాను. మరియ అరవవలసిన పని లేకపోయింది. కచేరీ గోడ దాకా వినపడింది.

వకీలు గారు కళ్ళు మూసుకున్నారు. డాక్టరమ్మ నడుచుకుంటూ పోయి ఆ గుర్తు దగ్గర వంగింది. నాలుగు వేళ్ళు ఆనించి కొలిచింది. అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని పెద్దగా నవ్వింది. ఇంత పెద్ద మనిషి అలా నవ్వగా నేను చూడలేదు.

"కామారెడ్డిలో నా బంతి ఒక్కటి కూడా బయట పడలేదు," అంది వకీలు గారితో.

ఆయన చేతులు జోడించి, పిల్ల తెలివి తక్కువది, క్షమించాలి, తర్వాతి బంతి తప్పకుండా లోపలే పడుతుందని మాట ఇచ్చారు. ఇక సంచి బస్సెక్కినట్టే అనుకున్నాను. వకీలు గారు లెక్క మళ్ళీ మొదటికి వచ్చిందని, చాలీస్ చాలీస్ అని నీరసంగా చెప్పారు.

అప్పుడే ఇంటి నుంచి ఉరికి వచ్చిన అవ్వ కనాతు చాటు నుంచి నన్ను పిలిచింది. మగవాళ్ళ ముందుకు రాలేక గుడ్డ అంచు పట్టుకుని ఊపుతోంది. నేను దగ్గరికి పోయాను.

"మరియకు చెప్పు. అక్కకు నొప్పులు మొదలైనయి."

మరియ అప్పటికి మైదానం అవతల బంతి ఏరుతున్న బాపు దగ్గర ఉంది. చుట్టూ తిరిగి పోయేంత ఓపిక నాకు లేకపోయింది. బంతి గాలిలో ఉండగానే ముగ్గు నడుమ నుంచి ఉరికాను. "డాక్టరమ్మా, మా అక్కకు నొప్పులొస్తున్నయి," అని అందరి ముందూ చెప్పాను. బంతి ఎక్కడ పడిందో ఈరోజుకీ ఎవరికీ తెలియదు. మున్సిఫు గారు బ్యాటు చంకలో పెట్టుకుని, పోండి పోండి, ఈ ముకద్దమా వాయిదా పడింది అన్నారు.

డాక్టరమ్మ పెద్ద అంగలు వేస్తూ మా ఇంటికి నడిచింది. ఆటలో తొక్కగా రాలిన సున్నం పొడి ఆమె బూట్ల అడుగున అంటుకుని ఉంది. మైదానం నుంచి మా గడప దాకా తెల్లటి అడుగులు పడ్డాయి. తలుపు దగ్గర ఆమె వెనక్కి చూసి, నేల పాడు చేశానని నొచ్చుకుంది. పెద్దవ్వ ఆ అడుగులను చూసి, కర్రతో అందరినీ పక్కకు జరిపింది. "ఎవ్వలు తొక్కకుండ్రి. అట్లనే ఉండనియ్యిండ్రి," అంది. ముగ్గు తొక్కమన్నది ఆమే, అడుగులు తొక్కొద్దన్నదీ ఆమే.

మరియ వేడినీళ్ళు అడిగింది. అవ్వ కుండ దించింది. లింగం బావ అరుగు కింద కూర్చున్నాడు. వల పని అయిపోయినా వేళ్ళు మాత్రం ఏమీ లేని గాలిలో ముళ్ళు వేస్తూనే ఉన్నాయి. డాక్టరమ్మ బ్యాటు ఎప్పుడు నా చేతికి వచ్చిందో నాకు తెలియదు. దాన్ని పట్టుకుని లోపలి అర్ర తలుపు దగ్గర నిలబడ్డాను. పెండ్లి కాని పిల్లలు కాన్పు అర్రలోకి పోకూడదు. పోకూడదు కానీ చూడకూడదని ఎవరూ చెప్పలేదు. మంచం మీద అక్క నా వైపు తిరిగి, నొప్పిలోనే, ఎవరు గెలిచారే అని అడిగింది. ఎవ్వలు గెలవలే అన్నాను. దూరాన బస్సు హారను మోగింది. అది కామారెడ్డి బస్సు. సంచి ఇంకా క్లబ్బు అరుగు మీదే ఉందని గుర్తొచ్చింది. ఈరోజు ఉంటుంది, సరే. తొమ్మిదో నాడు?

డాక్టరమ్మ చేతులు కడుక్కుని, మోచేతుల దాకా తడితో, తలుపు వేయడానికి వచ్చింది. నాకు ఇంకో అదను దొరకదు.

"డాక్టరమ్మా, ఏ క్లబ్బుల చేరుతరు?"

ఆమె ఒక చేయి తలుపు మీద పెట్టి నన్ను చూసింది. నా చేతిలో బ్యాటును చూసింది. నా వేళ్ళకు అంటిన సున్నాన్ని చూసింది.

"వచ్చే శనివారం పువ్వులు కొంచెం తక్కువ వేయి, తారా," అని, నా ముఖం మీద తలుపు వేసేసింది.